పైపూత

మొన్న డిసెంబరులో సెమీ క్రిస్మస్ కూటం ముగిసిన తర్వాత మా సంఘములోని ఒక యౌవన సహోదరి నా దగ్గరకు వచ్చి, "ఆంటీ, మీరు చేసే పెళ్ళి కేకు మీద ఆ తెల్ల పూత అంత నున్నగా ఎలా వస్తుంది? పైన పెట్టే పంచదార రిబ్బను పువ్వు వాలిపోకుండా ఎలా నిలబడుతుంది? ఫోనులో వీడియోలు చూసి నేను ఎన్నిసార్లు చేసినా పగుళ్ళే వస్తున్నాయి" అని అడిగింది. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అందుకే ఆ విధానమంతా ఇక్కడ వ్రాస్తున్నాను. దానితోపాటు నా స్వంత సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. అది చెప్పకుండా ఈ పని గురించి చెబితే సగమే చెప్పినట్లవుతుంది.

ఈ పూతను ఫాండెంట్ అంటారు. కరగడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుండి ఆ పేరు వచ్చింది. పేరు పరదేశముదైనా పంచదారతో రూపాలు చేయడం మన గోదావరి, కృష్ణా జిల్లాల వారికి కొత్త కాదు. చెక్క అచ్చులలో పాకం పోసి తీసే పంచదార చిలకలు మన పెళ్ళిళ్ళలో ఎప్పటి నుండో ఉన్నాయి. ఆత్రేయపురం తల్లులు బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి, కుండమీద ఒక్కసారి లాగి కాగితం వంటి రేకు తీస్తారు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కేకు మాత్రం మనకు బయటనుండి వచ్చినదే. 1883లో కేరళలోని తలస్సేరిలో మాంబల్లి బాపు అనే ఆయన ఒక తోట దొరగారి కోసం క్రిస్మస్ కేకు చేశాడనీ, మన దేశములో తొలి క్రిస్మస్ కేకు అదేననీ చెప్పుకొంటారు. ఈనాడు పల్లెటూరి మందిరములో పెళ్ళి జరిగినా, పందిట్లో కేకు లేకపోతే పిల్లలు ఒప్పుకోవడం లేదు.

నా సంగతికి వస్తాను. మాది కొల్లేటి లంక గ్రామం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు కొల్లేటిలో నిండి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. మా అత్తవారికి ఆ సరస్సులో చేపల చెరువు ఉండేది. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చెరువుల గట్లన్నీ కొట్టివేశారు. అందులో మాదీ పోయింది. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. సరస్సు సరస్సుగా ఉండవలసిందే. కాని చేపపిల్లలకు, మేతకు తెచ్చిన అప్పు మాత్రం గట్టుతోపాటు కొట్టుకుపోలేదు.

అంతకు ఏడాది ముందే మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. చివరి రోజులలో ఆమె నా దగ్గరే ఉండేది. తన చేతి బంగారు గాజుల జత, మూడు కాసులవి, నా చేతికిచ్చి "నీకొకటి, అక్కకొకటి" అన్నది. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్న రోజున నేను ఆ జతను పట్టుకెళ్ళి తాకట్టు పెట్టాను. విడిపించలేకపోయాను. తర్వాత అక్క అడిగినప్పుడు, "అమ్మ మందులకు తనే అమ్మించేసిందక్కా" అని చెప్పాను. అక్క మారుమాట్లాడలేదు. "పోనీలే, అమ్మే పోయింది, గాజులదేముంది" అన్నది. ఆ మాటతో సంగతి సర్దుకుపోయిందని అనుకొన్నాను.

మేము తాడేపల్లిగూడెం వచ్చేశాము. మా వారు ఉల్లిపాయల మార్కెట్టులో లెక్కలు వ్రాసే పనికి కుదిరారు. మా వీధిలో హాస్టలు వార్డెనుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమ్మగారు ఉండేవారు. ఆమె అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి, మూతపెట్టి, కిరోసిన్ పొయ్యిమీద కేకు కాల్చేవారు. ఆమె దగ్గర చేరి నేర్చుకొన్నాను. మొదట పుట్టినరోజు కేకులు, తర్వాత క్రిస్మస్ ప్లమ్ కేకులు. 2012 నాటికి ఓవెను కొనుక్కొని, ఈ ఫాండెంట్ పని కూడా పట్టుకొన్నాను. పిల్లల ఫీజులు ఈ చేతిపనితోనే కట్టాము.

ఇక విధానం చెబుతాను. వ్రాసుకోదలచిన సహోదరీలు వ్రాసుకోండి.

పది గ్రాముల జెలటిన్ పొడిని నాలుగు పెద్ద చెంచాల చల్లని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. ఆ గిన్నెను వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి. మరగనివ్వకూడదు, మరిగితే దాని పట్టు పోతుంది. అందులో నూటయాభై గ్రాముల లిక్విడ్ గ్లూకోజు, ఒక పెద్ద చెంచా గ్లిసరిను, రెండు చిన్న చెంచాల డాల్డా వేసి కలపండి. కిలో ఐసింగ్ షుగరును రెండుసార్లు జల్లించి, ముప్పాతిక వంతులో ఈ పాకం పోసి, మిగిలినది కొంచెం కొంచెంగా చేరుస్తూ చపాతీ పిండిలా మర్దించండి. గ్లూకోజు సాగే గుణాన్నిస్తుంది. గ్లిసరిను ఎండిపోకుండా మెత్తగా ఉంచుతుంది. జెలటిన్ కట్టి పట్టుకొంటుంది. ముద్దను ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా చుట్టి, డబ్బాలో పెట్టి ఒక రాత్రి వదిలేయండి. వెంటనే వాడితే పగులుతుంది. పంచదార గాలిలోని తేమను లాగుకొంటుంది గనుక వానాకాలములో నీళ్ళు ఒక చెంచా తగ్గించండి.

రిబ్బను పువ్వు అంటే మనం ఆడపిల్లలకు రెండు జడలకు వేసేదే. పావుకిలో ముద్దలో సి.ఎం.సి. పొడి ఒక చిన్న చెంచాడు కలిపి మర్దిస్తే అది ఆరి గట్టిపడుతుంది. మొక్కజొన్న పిండి చల్లి, రెండు మిల్లీమీటర్ల మందాన వత్తి, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవుతో రెండు పట్టీలు కోయండి. ఒక్కొక్కదాన్ని మడిచి చివరలు నీటి తడితో అంటించి, మధ్యలో కాగితపు రుమాలు చుట్ట పెట్టి పక్కకు పడుకోబెట్టండి. ఆ చుట్ట లేకపోతే మడత అణిగిపోతుంది. రెండు తోకలు, నడుమ చుట్టే చిన్న పట్టీ వేరుగా కోసుకోండి. వేసవిలో ఒక రోజుకు ఆరే పువ్వు మన వానలలో మూడు నాలుగు రోజులు తీసుకొంటుంది. ముసురులో ఎండుచేప ఎండదని కొల్లేటి వారికి చెప్పనక్కరలేదు, ఇదీ అంతే. ఫ్యాను గాలికి ఆరబెట్టండి గాని ఫ్రిజ్జులో పెట్టవద్దు. ఫ్రిజ్జులోనుండి బయటకు తీసిన క్షణంలో చెమ్మ పట్టి కరగడం మొదలవుతుంది.

నునుపు సంగతి అన్నిటికన్న ముఖ్యం. నన్ను అడిగేవారందరూ పూత గురించే అడుగుతారు. నునుపు పూతలో లేదు, కేకులో ఉన్నది. కేకు పూర్తిగా చల్లారాలి, అంటే కనీసం ఆరేడు గంటలు. పైన ఉబ్బిన భాగాన్ని రంపపు పళ్ళ కత్తితో చదునుగా కోసివేయాలి. గుంటలుంటే ఆ కోసిన పొడినే వెన్న క్రీములో కలిపి పూడ్చాలి. చుట్టూ క్రీము పలుచగా పూసి గట్టిపడనివ్వాలి. అప్పుడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తిన ముద్దను కర్రమీద చుట్టి తెచ్చి కప్పి, ముందు పైభాగాన్ని, తర్వాత అంచును, ఆ తర్వాత పక్కలను అరచేతితో కిందికి దువ్వాలి. గాలి బుడగ కనబడితే సన్నని సూదితో పొడిచి గాలి వదలాలి. ఈ పూత పలుచని చీర వంటిది. లోపలి ఎత్తుపల్లాలన్నీ బయటకు చూపిస్తుందే గాని దాచదు. పూత మందంగా వేస్తే దాగుతుందని మొదట నేనూ అనుకొన్నాను. ఆ తప్పుకు నేను చెల్లించిన మూల్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను.

2016 ఆగస్టులో మా అక్క కూతురి పెళ్ళి కుదిరింది. అక్కవాళ్ళది కైకలూరు దగ్గర లంక గ్రామం. "కేకు పిన్నే చేయాలి" అని పిల్ల పట్టుబట్టింది. మూడు అంతస్తుల కేకు, పైన గులాబీ రంగు రిబ్బను పువ్వు. పువ్వు వారం ముందే చేసి ఆరబెట్టాను. పెళ్ళికి ముందు రోజు కరెంటు పోయి, వచ్చి, మధ్య అంతస్తు కేకు ఒక పక్క ఉబ్బి, అంచున పగిలింది. అప్పటికి రాత్రి ఒంటిగంట. గుడ్లున్నాయి, పిండి ఉన్నది. ఇంకొకటి కాల్చవచ్చు. కాని వొళ్ళు అలసిపోయింది. "పైన పూత పడితే ఎవరికి తెలుస్తుందిలే" అనుకొని, పగులులో క్రీము కుక్కి, ఉబ్బును సరిగా కోయకుండా, లోపల ఇంకా గోరువెచ్చగా ఉండగానే మందంగా కప్పేశాను. ట్యూబులైటు వెలుగులో చూస్తే అద్దంలా ఉన్నది. మా వారు కూడా "బ్రహ్మాండంగా ఉందే" అన్నారు.

తెల్లవారి అద్దె కారులో బయలుదేరాము. గణపవరం మీదుగా ఆకివీడు, అక్కడనుండి ఉప్పుటేరు వంతెన దాటి వెళ్ళాలి. కేకు కరగకూడదని దారి పొడుగునా ఏ.సి. వేయించాను. అదీ పొరపాటే. లంకలో దిగి తలుపు తీసేసరికి ముసురు గాలి తగిలి, చల్లబడిన పూతమీద చెమట బిందువుల్లా నీళ్ళు పట్టాయి. వారం రోజులు ఆరిన రిబ్బను పువ్వు ఒక రెక్క వాలిపోయింది. మధ్య అంతస్తులో లోపల చిక్కుకొన్న ఆవిరి, గాలి కలిసి పూతను అరచేయి వెడల్పున బొబ్బలా పైకి లేపాయి. సూదితో పొడిచాను. అక్కడ ముడత పడింది. చేసేదిలేక ఆ పక్కను గోడవైపు తిప్పి, వాలిన రెక్క కింద పుల్ల గుచ్చి, చుట్టూ పూలు పెట్టాను.

మందిరములో ప్రమాణాలు అయ్యాయి. వధూవరులు పందిట్లోకి వచ్చి కేకు కోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనుక పక్క ఎవరూ చూడలేదు. అక్క మాత్రం నా భుజంమీద చెయ్యివేసి వియ్యపురాలితో, "మా చెల్లెలేనండీ చేసింది. చిన్నప్పటి నుంచీ అంతే, దాని పనిలో ఒక్క లోపం ఉండదు. ఏది చేసినా ఇలా నున్నగా, శుభ్రంగా చేస్తుంది" అన్నది.

ఆమె తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ మాట వింటూ నిలబడిన చోటునుండి నాకు గోడవైపు తిప్పిన పక్క కనబడుతూనే ఉన్నది. పదేళ్ళుగా అక్కకు నేను చూపిస్తున్నది కూడా ముందువైపే గదా అనిపించింది.

రాత్రి భోజనాలు అయిపోయి, బంధువులు సర్దుకొన్న తర్వాత, పెరట్లో పంపు దగ్గర నేను కేకు పలకలు కడుగుతుంటే అక్క కాఫీ తెచ్చి పక్కన పీట వేసుకొని కూర్చుంది. "కేకు మధ్యది పగిలిందక్కా. మళ్ళీ కాల్చే ఓపిక లేక పైన పూత వేసి తెచ్చాను" అన్నాను. "దానికేంటే, తినేశారుగా అందరూ" అని నవ్వింది. అక్కడితో ఆపేయవచ్చు. కాని నోరు ఆగలేదు. "అమ్మ గాజులు మందులకు అమ్మలేదక్కా. చెరువు పోయినప్పుడు నేను తాకట్టు పెట్టుకొన్నాను. విడిపించలేదు. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

అక్క నవ్వు ఆగిపోయింది. చాలాసేపు పంపునుండి కారే నీళ్ళ చప్పుడే వినబడింది. తర్వాత ఆమె, "నా గాజు పోయినందుకు కాదే. అమ్మ మందులకు బంగారం అమ్ముకొనేంత గతి పట్టిందని, నేను ఒక్క రూపాయి పంపలేదని, పదేళ్ళు ఏడ్చాను" అన్నది. కాఫీ గ్లాసు అక్కడే వదిలి లోపలికి వెళ్ళిపోయింది.

నా అబద్ధం నన్నే కప్పుతున్నదని అనుకొన్నాను. అది ఆమె మీద అంత బరువు మోపి ఉన్నదని ఆ రాత్రి వరకు నాకు తెలియదు. మర్నాడు బయలుదేరేటప్పుడు బావగారు వచ్చి సాగనంపారు. అక్క రాలేదు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు గడిచాయి. నేను ఫోను చేస్తే పిల్లలే తీసేవారు. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో అని ఎన్నో రాత్రులు అనుకొన్నాను. ఆ మాట దాచకుండా వ్రాస్తున్నాను. నిజం చెప్పగానే మనస్సు తేలికపడుతుందని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ మూడు నెలలు మునుపటికన్న బరువుగానే గడిచాయి.

డిసెంబరు మొదటి వారంలో ఫోను మోగింది. అక్కే. పలకరింపు లేదు. "క్రిస్మస్‌కు కేకు పంపు. కిలోన్నర చాలు. పైన ఆ తెల్ల ముద్ద పెట్టకు. ఉత్తదే పంపు" అన్నది. "అలాగే అక్కా" అన్నాను. అంతే మాట్లాడుకొన్నాము. అంత శ్రద్ధతో నేను ఇంకొక కేకు చేయలేదు. పైన సన్నగా ఒక పగులు వచ్చింది. అలాగే పంపాను.

ఆ నెలనుండి ప్రతి కేకు డబ్బులోనూ కొంత ఒక డబ్బాలో వేస్తూ వచ్చాను. 2019లో కాసున్నర బంగారంతో ఒక గాజు చేయించి తీసుకెళ్ళాను. అక్క పుచ్చుకొని దీపం దగ్గర తిప్పి చూసింది. "మెరుపు ఎక్కువగా ఉందే. అమ్మది అరిగి అరిగి నున్నగా ఉండేది" అన్నది. తర్వాత చేతికి కాస్త సబ్బు రాసుకొని తొడుక్కొంది. ఇప్పటికీ ఆ గాజుతోనే గిన్నెలు తోముతుంది, చేపలు కడుగుతుంది. నాలుగేళ్ళ తర్వాత చూస్తే దానిమీద గీతలు పడి, కొత్త మెరుపు తగ్గిపోయింది.

ఇప్పుడు నన్ను అడిగిన ఆ సహోదరికి నా జవాబు. అమ్మా, నీ ముద్దలో లోపమేమీ ఉండకపోవచ్చు. ఈసారి పూత కలపడానికి ముందు కేకును చల్లారనిచ్చి, పగటి వెలుతురులో నాలుగు పక్కలా తిప్పి చూడు. ఉబ్బు ఉంటే కోయి. పగిలితే, వేళ ఉంటే ఇంకొకటి కాల్చు. వేళ లేకపోతే పెళ్ళివారికి ముందే ఆ మాట చెప్పు. చాలామంది ఏమీ అనరు. ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంటికి వస్తే రిబ్బను పువ్వు మడత నీ చేతితోనే చేయిస్తాను. వచ్చేటప్పుడు ముసురుగా ఉంటే మాత్రం ముద్దను డబ్బాలో గట్టిగా మూతపెట్టి తీసుకురా.